ఊరిని దత్తత తీసుకోకండి, ఊళ్లో దుకాణం పెట్టండి

ఊరి రుణం తీర్చుకోవడం అనగానే మన ప్రభుత్వాలకు తోచేది ఒకటే: దత్తత. 2014లో ఎంపీలకు ఆదర్శ గ్రామాలు అప్పగించారు. 2015లో రెండు తెలుగు రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. 2025 ఉగాదికి ఆంధ్రప్రదేశ్‌లో పీ4 పథకం వచ్చింది. అందులో ‘మార్గదర్శులు’ అనే కలిగినవాళ్లు ‘బంగారు కుటుంబాలు’ అనే పేద కుటుంబాలను చేయి పట్టి నడిపించాలి. దీనిపై వాదులాటంతా స్వచ్ఛందమా, బలవంతమా అన్న దగ్గరే ఆగిపోయింది. ఇచ్చింది ఎన్నాళ్లు నిలుస్తుందని అడిగినవాళ్లు తక్కువ.

మా ఊరి బడి పక్కన ఒక దాత కట్టించిన మంచినీళ్ల ప్లాంటు ఉంది. శిలాఫలకం మీద అక్షరాలు చెక్కుచెదరలేదు. లోపల ఫిల్టరు పాడైంది. మార్చడానికి పంచాయతీ దగ్గర డబ్బుల్లేవు, షట్టరుకు తాళం వేశారు. దానికి ఎదురుగానే, పట్నంలో పనిచేసి తిరిగొచ్చిన ఒకావిడ పిండి మర పెట్టింది. మర ఆగితే ఆ పూట రాబడి లేదు. అందుకే బెల్టు తెగిన సాయంత్రమే కొత్తది పడుతుంది. కారం, పసుపు పట్టే రోజుల్లో మరో ఇద్దరు ఆడవాళ్లకు అక్కడే పని.

తెలంగాణలోని ముల్కనూరును ఎందుకు మర్చిపోతున్నాం? 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి ఆ ఊరిని దత్తత తీసుకోలేదు. చుట్టుపక్కల 14 ఊళ్ల రైతులతో సహకార సంఘం పెట్టించారు. అది అప్పిచ్చింది, ఎరువులమ్మింది, పంట కొన్నది, మిల్లులు నడిపింది. అంటే అచ్చంగా వ్యాపారం చేసింది, మిగులును సభ్యులకే పంచింది. 2002లో ఆ ప్రాంతపు ఆడవాళ్లు సొంతంగా డెయిరీ పెట్టుకున్నారు. 1956లో మొదలైన సంఘం ఇవాళ్టికీ నడుస్తోంది. ఆదర్శ గ్రామాల చర్చలో ఆ 1956 ఒక్కసారీ వినబడదు.

గుండె ఆపరేషన్‌కూ కాలేజీ ఫీజుకూ దాతే దిక్కు, కాదనను. లాభం తీసుకుంటే సేవ ఎలా అవుతుందన్న మాటను మాత్రం ఒప్పుకోను. ముల్కనూరు లాభం చూసుకోకపోతే 1957కే మూతపడేది.

మన ప్రభుత్వ విధానం ఇలాంటి వ్యాపారానికి పూర్తిగా అడ్డం తిరిగి ఉంది. ట్రస్టుకు చెక్కు రాస్తే పాత ఆదాయపు పన్ను విధానంలో మినహాయింపు. అదే డబ్బుతో సొంతూళ్లో దుకాణం తెరిస్తే మొదటి నెల నుంచే కమర్షియల్ కరెంటు బిల్లు. చెక్కు రాసినవాడికి వేదిక మీద శాలువా, పదిమందికి జీతమిచ్చేవాడికి లైసెన్సు కోసం ఆఫీసు మెట్లు. ఇదేం న్యాయం? పీ4 లెక్కల్లో మార్గదర్శి పక్కన, ఊళ్లో జీతాలిచ్చే యజమానికీ ఒక గడి పెట్టండి. మూడేళ్లు కరెంటు రాయితీ ఇవ్వండి.

డాలస్ నుంచి వచ్చి ఊరి మొదట్లో నాన్న పేరిట ఆర్చి కట్టించే అన్నదమ్ములారా, మీ ప్రేమ మీద నాకు అనుమానం లేదు. ఆ ఆర్చి కిందినుంచే మన పిల్లలు పొద్దున్నే బస్సెక్కి పట్నానికి పనికి పోతున్నారు. నాన్న పేరు దుకాణం బోర్డు మీద రాయించండి, గల్లాపెట్టె దగ్గర మన ఊరి పిల్లను కూర్చోబెట్టండి, ఒకటో తారీఖున జీతం చేతిలో పెట్టండి.