నడుమ మాట చెప్పేవాడు

గడచిన దసరాకు నా పూర్వవిద్యార్థి ఒకడు నన్ను చూడవచ్చాడు. సైన్యంలో ఉద్యోగం. ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో భాగంగా దక్షిణ సూడాన్ వెళ్ళివచ్చాడు. అరుగు మీద కూర్చుని ఆ దేశపు పశువుల మందల గురించి, మలకాల్ పట్టణంలో మన సైన్యపు పశువైద్యులు అక్కడి ఆవులకు చేసే చికిత్స గురించి చెబుతూ ఉంటే, దేవని ఎద్దుల మధ్య పెరిగిన నాకు అది మన పొరుగూరే అనిపించింది. తుపాకి పట్టినవాడు ఆవుకు మందు వేస్తే ఊరివాడి మనసు ఎంత త్వరగా మెత్తబడుతుందో పల్లెటూరివారికి వేరే చెప్పనక్కరలేదు.

మాటల మధ్య, బయలుదేరే ముందు తమకు ఇచ్చిన శిక్షణ ప్రస్తావన వచ్చింది. అందులో పౌర–సైనిక సహకారం అనే పాఠం ఒకటి ఉన్నదట. మైదానంలో ఒక ఉత్తుత్తి గ్రామాన్ని ఏర్పాటు చేశారు. ఒక జవాను గ్రామపెద్ద, ఒకడు సేవాసంస్థ ప్రతినిధి, ఇంకొకడు తిరుగుబాటుదారు, మరొకడు దుబాసి. "ఏ భాషలో మాట్లాడుకున్నారు?" అని అడిగాను. "అందరం హిందీలోనే సార్" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ పాఠం అనవసరమైనదని నా భావం కాదు. శాంతిసేనలో పలు దేశాల సైనికులుంటారు. వారి పక్కనే సమితికి చెందిన పౌర అధికారులు, పోలీసులు, నిరాశ్రయులకు తిండీ మందులూ అందించే సంస్థలు, స్థానిక ప్రభుత్వం. సైనికుడికి ఆజ్ఞ ప్రధానం. సేవాసంస్థకు నిష్పక్షపాతం ప్రధానం. సైనికవాహనం వెంట బియ్యపు బండి వెళితే ఆ బియ్యం కూడా ఒక పక్షానిదేనని ఎదుటిపక్షం తలుస్తుంది. అందుకే విపత్తు సహాయంలో విదేశీ సైనిక సాధనాలను, పౌరసాధనాలు చాలనప్పుడే వాడాలని 1994లో ఓస్లో మార్గదర్శకాలు చెప్పాయి. మన దేశం ఇప్పటికి 2 లక్షల 90 వేలమందికి పైగా శాంతిసైనికులను పంపింది. 2000లో ఢిల్లీలో శాంతిపరిరక్షణ శిక్షణకే ఒక కేంద్రం నెలకొల్పుకున్నది. కనుక ఈ విద్యలో మనం కొత్తవారం కాము.

నాటోవారు దీనిని 'కోఆపరేషన్' అంటారు, సమితి సహాయవిభాగం వారు 'కోఆర్డినేషన్' అంటారు. మొదటిది సహకారం, రెండవది సమన్వయం. నాకు రెండవ మాటే నచ్చింది. పద్యం చెప్పేటప్పుడు మొదట అన్వయం చూపించేవాళ్ళం. ఏ పదం ఏ క్రియతో ముడిపడుతుందో తెలియకుండా తాత్పర్యానికి దూకిన పిల్లవాడు అర్థాన్ని తలకిందులు చేసేవాడు. సైన్యమూ కార్యాలయమూ ఒకదానితో ఒకటి ఎంత చక్కగా అన్వయించుకున్నా, ఊరివాడి మాట తప్పుగా చేరితే తాత్పర్యం చెడిపోతుంది. ఇది నేను పుస్తకాలలో చదివి చెబుతున్న మాట కాదు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. షోలాపూరు దారిన వచ్చిన ప్రధానదళం నల్దుర్గం, హుమ్నాబాదు, జహీరాబాదుల మీదుగా సాగింది. 17వ తేదీన నిజాం చేతులెత్తేశాడు. సైన్యం చేసిన పనికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టిన పెద్దలకు శబ్దశక్తి మీద ఎంత నమ్మకమో! అప్పటికి మా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోది. 1956లో గాని మెదక్ జిల్లాలో కలవలేదు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరు, ఆయన కింద డి.ఎస్. బఖలే ముఖ్య పౌరపరిపాలకుడు. ఇటు సైన్యం, అటు పౌరపాలన, నడుమ జనం. నేటి శిక్షణలో చెప్పే పాఠమంతా అప్పుడు ఇక్కడే జరిగింది.

ఐదు రోజుల్లో యుద్ధం ముగిసింది. కష్టమైన పని ఆ తరువాతే మొదలైంది. రజాకార్ల దౌర్జన్యాలకు ప్రతీకారం పేరిట అమాయకులైన ముస్లింల మీద హత్యలు, దోపిడీలు జరిగాయి. 1948 చివర ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం, రాష్ట్రమంతటా చనిపోయినవారు ఎంత తగ్గించి చెప్పినా 27 వేల నుంచి 40 వేలని అంచనా వేసింది. ఎక్కువ నష్టపోయినవని పేర్కొన్న నాలుగు జిల్లాలలో బీదరు ఒకటి. సైన్యంలో కొందరు దోపిడీలో పాల్గొన్నారని కూడా ఆ నివేదిక దాచకుండా వ్రాసింది. నివేదికను మాత్రం ప్రభుత్వం దశాబ్దాలపాటు దాచింది.

ఇక పాలన సంగతి. దస్త్రాలన్నీ ఉర్దూలో, జనం మాటలు తెలుగు, కన్నడం, మరాఠీ. మద్రాసు నుంచి తెచ్చిన ఉద్యోగులలో పలువురికి ఉర్దూ లిపి రాదు. 1949 ఆగస్టులో జాగీర్లను ఒక్క సంతకంతో రద్దు చేశారు, అది గొప్ప పనే. కాని పొలం ఎవరి పేరున ఉన్నదో చదివి చెప్పడానికి మళ్ళీ ఆ పాత పట్వారీయే కావలసివచ్చాడు.

మా నాయనకు అప్పుడు పదిహేనేళ్ళు. ఊళ్ళోకి మిలిటరీ జీపు వచ్చిందట. దక్కనీ మాట్లాడగలవాళ్ళు ఊళ్ళో లేకపోలేదు. భయంతో తలుపులు వేసుకున్నారు. ముందుకు వచ్చి సలాము చేసినవాడు ఒక భూస్వామి గుమాస్తా. రజాకార్లకు తోడ్పడినవాళ్ళెవరని అధికారి అడిగితే, అతడు ఒక దూదేకులాయన ఇల్లు చూపించాడు. ఆయనకు గుమాస్తాతో రెండెకరాల తగాదా ఉంది. చుట్టూ ఉన్నవారు తెలుగులో "కాదు, కాదు" అంటూనే ఉన్నారు. గుమాస్తా దానిని అధికారికి ఎలా వినిపించాడో ఎవరికీ తెలియదు. ఆయనను తీసుకుపోయారు. ఏడు నెలలకు తిరిగి వచ్చాడు.

"మిలిట్రీ ఆయన మంచోడే బిడ్డా. మాకు నీళ్ళడిగి తాగిండు. నడుమ మాట జెప్పినోడే..." అని మా నాయన అక్కడే ఆపేవాడు.

ఇదంతా పాతకథ అనుకుంటే, అరవయ్యేళ్ళ తరువాత తూర్పు కాంగోలోని కివాంజాలో జరిగినది చూడండి. 2008 నవంబరులో తిరుగుబాటుదారులు అక్కడ దాదాపు 150 మందిని చంపారని హ్యూమన్ రైట్స్ వాచ్ వ్రాసింది. మైలు దూరం కూడా లేని శిబిరంలో సమితి సైనికులున్నారు. వారు మన భారతీయులే. మనుషులూ సామగ్రీ చాలలేదు, సమాచారం అందలేదు, అక్కడి భాష తెలిసిన దుబాసి కూడా వారికి లేడని అప్పటి పత్రికలు వ్రాశాయి. వాళ్ళు పిరికివాళ్ళని నేను అనను. గోడ అవతల ఏడుపు వినిపించినా అది ఏమంటున్నదో తెలియని స్థితి ఎంత దుర్భరమో ఊహించగలను.

ఆ తరువాత కాంగోలో సమితి ఒక మంచి పని చేసింది. స్థానికులనే అనుసంధాన సహాయకులుగా నియమించి సైనిక శిబిరాలలో ఉంచింది. వాళ్ళు ఊళ్ళు తిరిగి జనం భయాలు విని సైనికాధికారికి చెబుతారు. ఇది మెచ్చదగినదే. అయితే ఆ సహాయకుడు ఏ తెగవాడు, ఎవరి బంధువు, అతడెవరికి భయపడతాడు అనేది ఎవరు చూస్తారు? సైన్యం వెళ్ళిపోయాక అతణ్ణి ఎవరు కాపాడతారు? 2021లో కాబూలు విమానాశ్రయం బయట దుబాసీలు పడిన పాట్లు లోకమంతా చూసింది.

దుబాసి అంటేనే చెడ్డవాడని కాదు. కల్నల్ మెకంజీ అనే సైనిక ఇంజనీరుకు కావలి బొర్రయ్య వంటివాడు దొరకబట్టే మన ఊళ్ళ చరిత్రలు అన్ని సంపుటాలుగా మిగిలాయి. అసలు ఈ విషయంలో నా దృష్టిలో ఆదిగురువు హనుమంతుడు. అశోకవనంలో చెట్టు మీద కూర్చుని, సంస్కృతంలో మాట్లాడితే రావణుడనుకుని సీతమ్మ భయపడుతుందేమోనని తర్కించుకుని, సామాన్యుల మాటనే ఎంచుకున్నాడు. లంకను కాల్చగల బలవంతుడు ముందుగా భాష గురించి ఆలోచించాడు!

నా శిష్యుడికి ఇదంతా చెప్పి, నాకు తోచిన సలహా ఇచ్చాను. ఉత్తుత్తి గ్రామంలో హిందీ వద్దు. దళంలో ఎవరికీ రాని భాష మాట్లాడేవారిని తెచ్చి కూర్చోబెట్టండి. ఇద్దరు దుబాసీలను పెట్టి, వారిలో ఒకడికి రహస్యంగా ఒక పగ అప్పగించండి. అధికారి దానిని కనిపెట్టగలడేమో చూడండి. ఒకే ప్రశ్నను ఇద్దరిచేత విడివిడిగా అడిగించండి. ఆడవారి మాట ఆడవారి ద్వారానే వినండి. 2007లో లైబీరియా వెళ్ళిన మన మహిళా పోలీసుదళాన్ని చూసి అక్కడి స్త్రీలకు ధైర్యం వచ్చిందంటారు. ఇవేవీ చేతకాకపోతే ఆ అధికారులను మా సంతకు పంపండి, నాలుగు భాషలలో ఒక్క మేకను బేరమాడటం చూస్తారు. అతడు నవ్వి, తనకు తెలిసిన అధికారికి వ్రాస్తానన్నాడు.

లేచి చెప్పులు వేసుకుంటూ, "ఆ దూదేకులాయన రెండెకరాలు మళ్ళీ ఆయనకే వచ్చినయా సార్?" అని అడిగాడు.

రాలేదని చెప్పాను.