కెమెరా వెనుకనున్న మనిషి

విద్యాసంవత్సరము ముగియుచున్న దినములలో ప్రతి పాఠశాల ఆవరణములోను ఒక దృశ్యము కానవచ్చును. తరగతి గదులలోని బెంచీలు చెట్టు క్రిందికి వచ్చును. ప్రధానోపాధ్యాయుడు నడుమ కూర్చుండును. ఉపాధ్యాయులు ఇరుప్రక్కల, పిల్లలు ఎత్తుననుసరించి వెనుక వరుసలలో సర్దుకొందురు. ఎదుట ముక్కాలి స్టాండుపై కెమెరా నిలిపి ఒక మనిషి నిలుచుండును. ఆ పది నిమిషములు ఆ ఆవరణమునకు అధికారి అతడే. 'గడ్డము కొంచెము పైకి', 'ఆ చివరి అబ్బాయీ, లోపలికి జరుగు' అని అతడనగా ప్రధానోపాధ్యాయుడు సైతము విధేయుడై కదలును. ముప్పది యేండ్లు గడచినను ఆ చిత్రము గోడపై నిలిచియుండును. తీసినవాని పేరు మాత్రము ఎవరికిని జ్ఞాపకముండదు. చిత్రములో కనిపించనివాడు అతడొక్కడే. అయినను ఎవరు నడుమ ఉన్నారో, ఎవరు అంచున మిగిలినారో నిర్ణయించినవాడు అతడు.

ఒకే కలముతో ఒకడు అప్పుపత్రము వ్రాయును, ఒకడు పద్యము వ్రాయును. కెమెరాయు అట్టిదే. ఛాయాచిత్రకళ 1839లో లోకమునకు వెల్లడియైనది. నాటినుండి దానిని చేపట్టినవారిని పరికించినచో కొన్ని స్వభావములు మరల మరల కనిపించును.

మొదటివాడు సన్నాహపరుడు. ఇతనికి తొందర లేదు. అమెరికాలోని పర్వతములను, లోయలను చిత్రించి ప్రసిద్ధికెక్కిన ఆన్సెల్ ఆడమ్స్ (1902-1984) ఇట్టివాడు. యౌవనమున పియానో విద్వాంసుడు కాదలచి సాధన చేసినాడు. ఆ ఓర్పునే తరువాత కెమెరాకు తెచ్చినాడు. కటిక నలుపు మొదలు అచ్చమైన తెలుపు వరకు కాంతిని మెట్లుగా విభజించి, ఏ మెట్టు చిత్రములో ఎచ్చట ఉండవలెనో ముందుగనే నిర్ణయించు పద్ధతిని తోటివాడొకనితో కలిసి రూపొందించినాడు. 1941 నవంబరు 1వ తేదీ సాయంకాలము న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామము ప్రక్కగా పోవుచు, పైన చంద్రుని, క్రింద క్రుంకుచున్న సూర్యుని వెలుగులో మెరయుచున్న సమాధుల శిలువలను చూచినాడు. వెలుతురును కొలుచు పరికరము సమయమునకు చేతికందలేదు. చంద్రుని కాంతి యెంతో అతనికి కంఠస్థము. లెక్క మనస్సులోనే కట్టి ఒక చిత్రము తీసినాడు. రెండవది తీయబోవునంతలో శిలువలపై వెలుగు పోయినది. ఎక్కములు వల్లించుట ఎందులకని అడుగు విద్యార్థికి చెప్పదగిన కథ యిది. ఈ స్వభావమునకు ఒక జబ్బు కూడ కలదు. కటకములు కొనుట, వాని గుణదోషములు చర్చించుట అనువానితోనే కాలము గడపి, చిత్రము తీయుట మరచినవారు ప్రతి పట్టణములోను ఉందురు.

రెండవవాడు వేటగాడు. ఫ్రాన్సు దేశీయుడైన హెన్రీ కార్టియర్ బ్రెసాన్ (1908-2004) వీరికి గురువువంటివాడు. చేతిలో ఇమిడిపోవు చిన్న లైకా కెమెరా, దాని మెరుపు కనబడకుండ నల్లని పట్టీ, పిల్లి నడక: ఇవి అతని సాధనములు. వీధిలో జనము కదలుచుండగా, వారి చేష్టలు, నీడలు, గోడలు ఒక్క రెప్పపాటు పొందికగా కుదురుకొను ఘడియకై కాచుకొనియుండును. 1948 జనవరి 30వ తేదీన గాంధీ మహాత్ముని కలిసికొని, హత్య జరుగుటకు కొంచెము ముందే వెలుపలికి వచ్చినాడు. ఆ దుఃఖములో మునిగిన ఢిల్లీని అతడు చిత్రించిన తీరు లోకమునకు తెలిసినదే. ఈ స్వభావములోని ప్రమాదము దాని పేరులోనే ఉన్నది. వేటగాని కంటికి ఎదుటి మనిషి వేటగా కనిపించు క్షణము వచ్చును.

అదే దినమున, అదే యింటిలో, ఇందుకు నిదర్శనము దొరకినది. అమెరికా పత్రికా ఛాయాగ్రాహకురాలు మార్గరెట్ బోర్క్-వైట్ 1946లో రాట్నము ప్రక్కన గాంధీజీని చిత్రింపవచ్చినప్పుడు, ముందు నూలు వడకుట నేర్చుకొనుమని ఆయన పరివారము కోరినది. ఆమె నేర్చుకొన్నది. రాట్నమును తెలిసికొనిన తరువాత తీసిన ఆ చిత్రము ప్రపంచప్రసిద్ధమైనది. మహాత్ముడు గతించిన రాత్రి ఆమెయే కెమెరాను దాచి ఆయన పార్థివదేహమున్న గదిలోనికి కొనిపోయి మెరుపుదీపము వెలిగించినది. దుఃఖములోనున్నవారు ఆగ్రహించి ఫిల్మును తీయించివేసినారు. వడకుట నేర్చుకొన్న శిష్యురాలును, దాచి తెచ్చిన వేటకత్తెయు ఒక్క మనిషియే. కనుక ఈ స్వభావములను మనుష్యుల నుదుట వ్రాసిన వ్రాతలని భావింపరాదు. ఏ ఘడియలో ఏది పైకి వచ్చునో దానికి మనమే బాధ్యులము.

మూడవవాడు అతిథిని ఆదరించు గృహస్థువంటివాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళు (1844-1905) మన హైదరాబాదునకు చిరపరిచితుడు. పరదాలోనుండు స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండజాలరని గ్రహించి, 1892లో వారికై ప్రత్యేకముగా ఒక స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల వనిత కప్పగించినాడు. కూర్చున్నవారి మనస్సు కుదుటపడిననే ముఖము నిజము చెప్పునని అతడెరుగును. ఆదరము హద్దుమీరినచో ముఖస్తుతియగును. వధువు రంగును మార్చి, ముడుతలను మాయముచేసి డబ్బు పుచ్చుకొను పెండ్లి ఫొటోగ్రాఫరు ఈ శాఖకు చెందినవాడే.

నాలుగవవారు దాచుకొనువారు. షికాగోలో పిల్లలను సాకు ఉద్యోగము చేసిన వివియన్ మేయర్ (1926-2009) లక్షకు మించిన చిత్రములు తీసి, దాదాపు ఎవరికిని చూపలేదు. 2007లో ఆమె పెట్టెలు వేలమునకు రాగా గాని అందులో ఏమున్నదో లోకమునకు తెలియలేదు. మెప్పు కోరకయు ఒక పనిని జీవితమంతయు శ్రద్ధతో చేయవచ్చునని ఆమె వలన తెలియుచున్నది.

ఈ చర్చ నేడెందులకని పాఠకులడుగవచ్చును. నేడు కెమెరా లేని జేబు అరుదు. కనుక పై నాలుగు స్వభావములును మనలోనివే. పాఠశాలలో ఒక దాత నోటుపుస్తకములు పంచును. పిల్లవాడు పుచ్చుకొని తన చోటికి పోవుచుండును. 'సరిగా పడలేదు, మరల రా' అని వానిని వెనుకకు పిలుతురు. వాడు పుస్తకములను తిరిగి యిచ్చి, మరల చేయి చాచి, కెమెరావైపు నవ్వవలెను. సాయంకాలమునకు ఆ చేయి చాచిన చిత్రము ఊరందరి ఫోనులలో తిరుగును. ఆ పిల్లవానిని అడిగినవారెవరు? వాని తల్లిదండ్రుల నడిగినవారెవరు? పుస్తకము నెలలో నిండిపోవును. చిత్రము వాడు పెద్దవాడైనను వెంట వచ్చును.

భారతదేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమాయ్ వ్యారావాలా 1970లో ఈ వృత్తిని విడిచినది. కొత్తగా వచ్చువారిలో మర్యాద లోపించుచున్నదని ఆమె బాధపడినది. ఆమె కోరినది పెద్ద విద్య కాదు. ఎదుటివాని గౌరవమును నిలుపు చూపు మాత్రమే. చిత్రలేఖనపు తరగతిలో రేఖలు నేర్పుచున్నట్లే, అనుమతి అడిగి తీయుట, వద్దన్నచో దించుట, తీసిన చిత్రమును ముందు తీయబడినవారికే చూపుట అను మూడు అలవాట్లను ఉపాధ్యాయులు పిల్లలకు నేర్పవలెను. నేర్పుటకు ముందు తాము పాటింపవలెను.

చెట్టు క్రింది ఫొటోగ్రాఫరు కొన్ని విషయములలో మనకు ఆదర్శప్రాయుడు. తీయుటకు ముందు అందరికి చెప్పును. కన్నులు మూసినవారుందురేమోనని రెండవసారి తీయును. అంచున మిగిలిపోవుచున్న అబ్బాయిని లోపలికి జరుపును. ముప్పది యేండ్ల తరువాత ఆ అబ్బాయి గోడపై తన ముఖమును వెదకికొన్నప్పుడు, అది అక్కడ ఉండును.