ఉమ్మనీటి పరీక్ష సరే.. ఆ తరువాత?

గర్భస్థ శిశువులో జన్యులోపాలను గుర్తించేందుకు చేసే ఉమ్మనీటి పరీక్ష కోసం పల్లెల గర్భిణులు నగరాలకు వెళ్లక తప్పడం లేదు. సూదితో కొద్దిగా ఉమ్మనీటిని తీసి, సాధారణంగా అదే రోజు ఇంటికి పంపిస్తారు. అసలు భయం ఇల్లు చేరిన తరువాతే మొదలవుతోంది. బిడ్డ కదలడం లేదేమోనని పొట్టపై చేయి వేసుకుని రాత్రంతా మేలుకునే వారికి, ఊళ్లో సమాధానం చెప్పేవారు అరుదు.

ఈ భయానికి చాలావరకు కారణం లెక్కల తేడాయే. పరీక్షను 15 వారాలు నిండిన తరువాత, ఎక్కువగా 20 వారాల లోపు చేస్తారు. తొలిచూలు గర్భిణికి కదలికలు తెలిసేది సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య. మలిచూలు వారికి 16 వారాలకే తెలియవచ్చు. మాయ గర్భసంచికి ముందువైపున ఉంటే మరికొంత ఆలస్యమవుతుంది. కనుక 16వ వారంలో సూది వేయించుకున్న తొలిచూలు గర్భిణికి కదలిక తెలియకపోవడం సహజమే తప్ప, బిడ్డకు హాని జరిగిందనడానికి రుజువు కాదు. వైద్యులు వారాలు లెక్కిస్తారు, ఇంటి పెద్దలు నెలలు లెక్కిస్తారు. అయిదో నెల వచ్చినా బిడ్డ మెదలలేదేమన్న మాట ఆమెను మరింత కుంగదీస్తుంది. 24 వారాలు నిండినా కదలిక తెలియకుంటే మాత్రం వైద్యులను సంప్రదించవలసిందే.

ప్రమాదం బొత్తిగా లేదని కాదు. ఈ పరీక్ష వల్ల నూటికి ఒకరికి గర్భస్రావం కావచ్చని పూర్వం చెప్పేవారు. అనుభవజ్ఞులు చేస్తే అది 200 మందిలో ఒకరికన్నా తక్కువేనని ఇప్పటి అంచనా. పొత్తికడుపులో నెలసరి నొప్పి వంటిది కొన్ని గంటలు ఉండవచ్చు. ఒకటి రెండు రోజులు బరువులు ఎత్తకుంటే చాలు, వారాల తరబడి మంచం పట్టనక్కరలేదు. ఆ రెండు రోజులైనా నీళ్ల బిందె నుంచి, కూలిపని నుంచి విరామం దొరుకుతుందా అన్నది వేరే ప్రశ్న. నీరు కారినా, రక్తం కనిపించినా, చలిజ్వరం వచ్చినా, నొప్పి తగ్గకున్నా తెల్లవారే వరకు ఆగకుండా ఆసుపత్రికి చేరాలి. నెగెటివ్ గ్రూపు రక్తం గల వారికి పరీక్ష జరిగిన 72 గంటల లోపు యాంటీ-డి ఇంజెక్షను అవసరమవుతుంది. బస్సెక్కే ముందే దాని సంగతి అడిగి తెలుసుకోవడం మేలు.

పూర్తి నివేదికకు రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఆ నిరీక్షణలోనే చాలామందికి తొలి కదలిక తెలుస్తుంది. లోపం ఉన్నదని తేలితే నిర్ణయం అప్పుడు మరింత కఠినం. 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు వైద్యుల అభిప్రాయం కావాలి. ఆపైన తీవ్ర లోపాలున్న సందర్భంలో వైద్య మండలి అనుమతి తప్పనిసరి. 17వ వారంలో పరీక్ష జరిగి 20వ వారంలో నివేదిక అందితే, మండలిని ఆశ్రయించకుండా ఆలోచించుకునేందుకు మిగిలేది నాలుగు వారాలే.

1994 నాటి గర్భస్థ పిండ పరీక్షల చట్టం లింగ నిర్ధారణపై నిషేధంగానే జనానికి తెలుసు. తెలిసిన దుష్ప్రభావాలన్నీ గర్భిణికి వివరించాలని, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక అంగీకారం తీసుకుని ప్రతిని ఆమెకే ఇవ్వాలని అదే చట్టం అయిదో సెక్షను చెబుతోంది. ఆ ప్రతి వెనుక ప్రమాద సూచనలు, అర్ధరాత్రి పలికే ఒక ఫోను నంబరు తెలుగులో రాసి ఇచ్చేందుకు ప్రత్యేక నిధులేవీ అక్కరలేదు. ఊళ్లోని ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త చదివి చెప్పేందుకైనా ముందు ఆ కాగితం ఇంటికి చేరాలి.