హ్యాండ్‌బ్యాగులో తుపాకీ

ఎక్కడ ఘోరం జరిగినా మన సమావేశాల్లో ఎవరో ఒకరు లేచి, "మాకూ తుపాకీ లైసెన్సులు ఇప్పించండి" అంటారు. కోపంలో అన్న మాటే కావచ్చు, దాన్ని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఆత్మరక్షణ మన హక్కు. అత్యాచారానికో, యాసిడ్ దాడికో తెగబడ్డవాడి ప్రాణం తీయడం దాకా ఆ హక్కు ఉందని 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్ కూడా చెబుతోంది.

ఆ కోపం వ్యాపారానికీ పనికొచ్చింది. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తరువాత, 2014 జనవరిలో కాన్పూరు ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసమంటూ 'నిర్భీక్' రివాల్వర్ తెచ్చింది. బరువు అరకిలో. నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి అమ్మారు! ధర 1,22,360 రూపాయలు. కూలికి పోయి చీకటిపడ్డాక ఒంటరిగా నడిచొచ్చే మనిషికి దీన్ని ఎవరు కొనిపెడతారు? మణిపూర్‌లో తుపాకీ బాధిత స్త్రీల కోసం పనిచేసిన బీనాలక్ష్మి నెప్రమ్ దీన్ని అప్పుడే వ్యతిరేకించారు.

ధర సంగతి అలా ఉంచుదాం. దాచుకున్న తుపాకీని బయటికి తీయడమే ఒక విద్య. ఒక చేత్తో పైబట్ట తప్పించాలి. ఒరలో ఉండగానే రెండో చేత్తో పిడిని పూర్తిగా పట్టుకోవాలి. చూపుడువేలు ట్రిగ్గరు మీదకు పోకుండా పక్కన చాచి ఉంచాలి. గొట్టం మూతి మన ఒంటివైపు, రెండో చేతివైపు తిరగకూడదు. తిరిగి ఒరలో పెట్టేటప్పుడు తొందరపడకూడదు. బట్ట అంచు ట్రిగ్గరుకు చిక్కుకున్నా పేలవచ్చు. అందుకే నేర్చుకునేవాళ్లు తూటాలు వేరే గదిలో పెట్టి, ఖాళీ తుపాకీతో, గట్టి గోడవైపు తిరిగి నెలల తరబడి సాధన చేస్తారు.

ఇదంతా ప్యాంటూ గట్టి బెల్టూ ఉన్న ఒంటికి. చీర మీద ఒర ఎక్కడ కట్టుకోవాలి? బ్యాగులోనైతే జిప్పు తీసి, తాళాలూ టిఫిను డబ్బా మధ్య తడుముకోవాలి. వాడు బ్యాగు లాక్కుంటే తుపాకీ కూడా వాడి చేతికే పోతుంది. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో 2014 డిసెంబరులో ఒక తల్లి, తుపాకీ దాచుకోవడానికే తయారైన బ్యాగును దుకాణంలో సామాను బండిలో పెట్టింది. రెండేళ్ల కొడుకు దాన్ని తెరిచాడు. తుపాకీ పేలి ఆమె చనిపోయింది. తుపాకీ ఆమెకు కొత్త కాదు.

మన 2016 ఆయుధ నియమాలు బయటికి తీసుకెళ్లే తుపాకీని పూర్తిగా కప్పి, అదుపులో ఉంచుకోవాలంటాయి. భద్రతా శిక్షణ గురించి కూడా చెబుతాయి. లైసెన్సు కావాలనుకునే అక్కచెల్లెళ్లు ముందు ఆ శిక్షణ అడగాలి, అదీ తాము రోజూ కట్టుకునే బట్టల్లో.

అయినా తుపాకీ ఎవరి మీద తీస్తాం? 2019 నేర గణాంకాల ప్రకారం అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. బంధువు, పొరుగువాడు, పెళ్లి చేసుకుంటానని నమ్మించినవాడు. వాడు ఇంట్లో కూర్చుని మంచినీళ్లు అడుగుతున్నప్పుడు మన బ్యాగు చిలక్కొయ్యకు వేలాడుతూ ఉంటుంది.

ఇంట్లో నిజంగా తుపాకీ ఉంటే అది ఎవరి పేరున ఉందో కూడా చూడండి. గృహహింస ఫిర్యాదు రాసే కార్యకర్తలు, భర్తకు గానీ మామకు గానీ లైసెన్సు తుపాకీ ఉందేమో తప్పక అడగండి. దానితో బెదిరించి ఉంటే ఆ మాట ఫిర్యాదులో రాయించండి. 1959 ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద లైసెన్సు నిలిపివేసే, రద్దుచేసే అధికారం లైసెన్సు ఇచ్చిన అధికారికి ఉంది. అర్జీ నకలు ఆయనకూ పంపి, రసీదు తీసుకోండి.