దివ్యాంగ బాలలకు సాము ఎందుకు కూడదు?



దివ్యాంగ బాలలకు యుద్ధకళలు ప్రమాదకరమని, ఫిజియోథెరపీయే చాలునని ఈ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం తేల్చడం తొందరపాటు. చూపులేనివారి జూడోలో ఇద్దరూ ఒకరి దుస్తులను ఒకరు పట్టుకున్న తర్వాతే పోటీ మొదలవుతుంది కనుక, ప్రత్యర్థి బరువు ఎటు ఒరుగుతున్నదో వేళ్లకే తెలుస్తుంది. ఆ పద్ధతిలోనే కపిల్ పర్మార్ 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, జూడోలో భారతదేశానికి తొలి పారాలింపిక్ పతకం తెచ్చాడు. పారా తైక్వాండోలోనైతే తలపై తన్నడమే నిషిద్ధం.

కటా, అంటే ప్రత్యర్థి లేకుండా నిర్ణీత వరుసలో చేసే కరాటే కదలికల సాధన, ఆటిజం ఉన్న పిల్లలలో ఒకే చేష్టను పదేపదే చేసే ధోరణిని తగ్గించిందని 2012లో వెలువడిన ఇరాన్ పరిశోధన తెలిపింది. 14 వారాల ఆ శిక్షణలో పాల్గొన్నవారు కొద్దిమందే కావడం వల్ల అది తుదితీర్పు కాకపోయినా, కొట్టిపారేయదగినదీ కాదు. తమిళనాట సిలంబంగా, తెలుగువారికి కర్రసాముగా తెలిసిన విద్యకైతే ఖరీదైన సామగ్రి అక్కరలేదు. చేతుల్లో పట్టు ఉన్న పిల్లవాడు చక్రాల కుర్చీలో కూర్చునే తేలికపాటి కర్రను మణికట్టుతో తిప్పడం నేర్వవచ్చు.

వ్యాసకర్త భయం ఒకచోట మాత్రం సమంజసమే: డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య కీలు వదులుగా ఉంటుంది కనుక, వారిని పడవేసే పట్లకు దింపేముందు వైద్యుని సలహా తప్పనిసరి. అయితే ఈ జాగ్రత్త సామును మానడానికి కారణం కాదు; 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 30వ సెక్షన్ క్రీడలలో వారి భాగస్వామ్యానికి చర్యలు తీసుకోవలసిన బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచింది. సాము నేర్పే గురువులకు ఇటువంటి జాగ్రత్తలలో శిక్షణ ఇవ్వడంతో ఆ పని మొదలుకావాలి.

– ఒక పాఠకుడు, కంబైనల్లూరు, ధర్మపురి జిల్లా