స్టీరింగ్ జాయింట్ల అరుగుదల: విస్తరణ శిక్షణలో ఒక లోటు

కొండాపూర్‌లో కొలువు చేస్తూ చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు పొలం సాగు చేయించే వారికి ఏటీవీ అనువైన వాహనమే. అయితే బురద నేలలో ట్రాక్టరుకు ఎదురయ్యే చిక్కే దీనికీ ఎదురవుతుంది.

టై రాడ్డు చివరి బాల్ జాయింటుపై రబ్బరు తొడుగు చిరిగితే బురదనీరు లోపలికి చేరి గ్రీజును కడిగివేస్తుంది. గుండు, దాని గిన్నె అరిగి వదులవుతాయి. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి అటూ ఇటూ కదుపుతూ, రెండో చేతిని జాయింటుపై ఉంచితే ఆ వదులు స్పష్టంగా తెలుస్తుంది. లేకుంటే చక్రపు బేరింగ్ లోపాన్ని జాయింటుకు అంటగట్టే ప్రమాదముంది.

కొత్త జాయింటు బిగించడంతో పని ముగియదు. పాతదానిని ఎన్ని చుట్లు తిప్పి తీశారో లెక్కించి, కొత్తదానిని అన్నే చుట్లు తిప్పాలి. నట్టు గాడి పిన్ను రంధ్రానికి ఎదురుగా రాకపోతే నట్టును మరికొంత బిగించాలేగాని వదులు చేయరాదు. పాత స్ప్లిట్ పిన్నునే వంచి మళ్లీ వాడడం మరీ ప్రమాదకరం. చివరగా చక్రాల టో-ఇన్‌ను మాన్యువల్ ప్రకారం సరిచూడాలి. లేకుంటే టైర్లు త్వరగా అరిగిపోతాయి.

దమ్ము ముగించుకొని ట్రాలీలో కూలీలతో రోడ్డెక్కిన ట్రాక్టరుకు జాయింటు ఊడితే చక్రం చోదకుని అదుపులో ఉండదు. యంత్ర నిర్వహణ పాఠం ఇంజన్ ఆయిలు, ఎయిర్ ఫిల్టరు దగ్గరే ఆగిపోవడం సమంజసం కాదు. దమ్ము కాలానికి ముందు జరిపే ప్రతి శిక్షణలోనూ అరిగిన జాయింటును, కొత్తదానిని పక్కపక్కనే ఉంచి విద్యార్థుల చేతికివ్వాలి.