చేపల గంప ఎందుకు తేలికైంది?

"చేపలమ్మా... చేపలూ!" అన్న కేక వినపడకపోతే నరసాపురంలో మా వీధికి తెల్లవారినట్టే ఉండదు. మొన్న గంప దించిన ఆవిడని అలవాటుగా మెత్తళ్లు అడిగాను. "ఎక్కణ్ణించి తెమ్మంటారమ్మగారూ? పెద్ద చేప మీరు కొనలేరు, చిన్న చేప మాదాకా రాదు" అంది. సముద్రం పక్కనే ఉందే! మరి చిన్న చేప ఎటు పోతున్నట్టు?

ఇటు బియ్యపుతిప్ప, అటు అంతర్వేది... వశిష్ట గోదావరి సముద్రంలో కలిసే చోట చిన్న పడవల వాళ్లు ఒడ్డుకి దగ్గర్లోనే వేటాడుకుంటారు. పెద్ద మరపడవల సంగతి వేరు. వాటిలో చాలావాటికి ట్రాల్ వలలుంటాయి. పెద్ద సంచిలాంటి ఆ వలని, నోరు తెరుచుకుని ఉండేలా రెండు పక్కలా బరువైన పలకలు కట్టి, సముద్రం అడుగునే ఈడ్చుకుపోతారు. రొయ్య అడుగునే ఉంటుంది కనక వేట ముఖ్యంగా దానికోసమే. కానీ వలకి రొయ్యేదో, పిల్ల చేపేదో తెలీదు కదా! పీతలు, నత్తలు, స్పంజికలు, ఒక్కోసారి తాబేళ్లు కూడా వచ్చేస్తాయి. మనం ఇల్లు ఊడిస్తే చెత్త పోతుంది. అక్కడ ఊడిస్తే చేపల మేతా, అవి తలదాచుకునే చోటూ పోతాయి.

'అయితే ఆ వలలు నిషేధిస్తే సరి' అనెయ్యటం తేలికే. శ్రీలంక 2017లో ఆ పనే చేసింది. కానీ మరపడవల మీద కూలికెళ్లేవాళ్లూ పేదవాళ్లే. రేవుల్లో రొయ్యల తలలు తీసేదీ, చేపలు ఎండబెట్టేదీ ఎక్కువగా ఆడవాళ్లే. ఉన్నట్టుండి ఆపేస్తే వాళ్ల పొయ్యిలు ఎలా వెలుగుతాయి?

మనకి చట్టం లేకపోలేదు. 1994 నాటి సముద్ర వేట నియంత్రణ చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా మరపడవలు రాకూడదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట ఆపుతారు. చేప గుడ్లు పెట్టుకోవటానికి ఇది మంచిదే. కానీ చిరిగిపోయిన స్పంజికలు మళ్లీ పెరగాలంటే రెండు నెలలు కాదు, ఏళ్లు పడుతుంది. సెలవు అయిపోగానే సన్నకన్ను వలేస్తే ఆ పిల్ల చేపలే మళ్లీ అందులో పడతాయి.

ఆ పిల్ల చేపల్లో కొన్ని ఎండి, పొడై, కోళ్ల మేతలోకీ చెరువుల మేతలోకీ వెళ్తాయి. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చాక భీమవరం, నరసాపురం చుట్టూ చెరువులే చెరువులు. చెరువులు పెరిగితే సముద్రం మీద బరువు తగ్గుతుందని అనుకున్నాం. కానీ వనామీ మేతలోనూ చేపల పొడి ఉంటుంది! ఆ రొయ్య ఎక్కువగా విదేశాలకి పోతుంది. పేదింట్లో వంకాయతో ఉడకాల్సిన ఎండు చేప ఇలా దారి మళ్లుతోంది.

నిషేధానికీ విచ్చలవిడి వేటకీ మధ్య దారి ఉంది. 8 కిలోమీటర్ల హద్దుని కాగితం మీద కాక నీటి మీద కాపలా కాయాలి. పిల్ల చేప జారిపోయేలా సంచి చివర పెద్ద చదరపు కన్నులుండాలి. తాబేలు తప్పించుకునే చట్రాన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఎప్పుడో తయారుచేసింది. అది వలలకి లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యని కొనటం ఆపేసింది. కూలివాళ్ల మీద ఖర్చు పడకుండా ప్రభుత్వం వాటికి సాయం చెయ్యాలి. కేరళ లాగా, ఇంతకంటే చిన్న చేపని రేవులో దించకూడదని కొలత పెట్టి అమలు చెయ్యాలి.

ఇంకో మాట. వేట విరామంలో ఇచ్చే సాయం 2019లో పదివేలు, 2025లో ఇరవై వేలైంది. సంతోషమే! కానీ అందులో లెక్కలోకొచ్చేది వేటకెళ్లేవాళ్లే. గంప మోసే ఆడమనిషి పోగొట్టుకున్న రోజుల లెక్క ఎవరు వేస్తారు? సముద్రాన్ని కాపాడే ఖర్చులో ఆవిడ వాటా రెండు నెలల పస్తులే అయితే, ఆ కాపాడటం ఎన్నాళ్లు నిలుస్తుంది?

మనవైపు నుంచి చెయ్యగలిగిందీ ఉంది. వేలెడంత చందువా పిల్లలు చవగ్గా వచ్చాయని కొనకుండా ఉందాం. ఈసారి గంప దిగినప్పుడు, ధరతో పాటు ఆ చేప ఎక్కడిదని కూడా అడుగుదాం.